తన గుండెను తానే చూసుకున్న మనిషి

కేప్‌టౌన్ వెళ్ళినవారంతా టేబుల్ మౌంటెన్ ఎక్కి వస్తారు. మీరు వెళ్తే ఆ కొండ ప్రక్కనే వున్న గ్రూట్ షూర్ ఆస్పత్రినీ చూడండి. 1967 డిసెంబరు 3న డాక్టర్ క్రిస్టియన్ బెర్నార్డ్ మొదటిసారిగా ఒక మనిషి గుండెను మరో మనిషికి అమర్చింది అక్కడే. ఆ గదిని 2007లో మ్యూజియం చేశారు. కారు ప్రమాదంలో పోయిన డెనిస్ డార్వాల్ అనే యువతి గుండె, కిరాణావ్యాపారి వాష్కాన్‌స్కీ రొమ్ములో 18 రోజులు కొట్టుకుంది. నెల తిరగ్గానే గుండె మార్పించుకున్న దంతవైద్యుడు బ్లైబర్గ్ 19 నెలలు బతికాడు. తీసేసిన తన గుండెను తానే కళ్ళారా చూసుకున్నాడు! మనం పన్ను పీకించుకుంటేనే కళ్ళు మూసుకుంటాం.

ఆ నిబ్బరం అందరికీ రాదు. మీ ఇంట్లో ఎవరైనా అవయవం కోసం ఎదురుచూస్తూంటే, "ఎవరో పోవాలని కోరుకుంటున్నానా?" అని లోలోపల కుమిలిపోతూండవచ్చు. "ఛ, అవేం మాటలు!" అని నోరు మూయించకండి. చెప్పుకోనివ్వండి. ఆ చావు వీరు ఎదురుచూసినందువల్ల వచ్చేది కాదని నెమ్మదిగా చెప్పండి.

ఆపరేషను తర్వాత ఇంటిల్లిపాదీ సంబరపడుతూంటే, రోగికి మాత్రం ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, గుబులు. నిద్ర పట్టదు, చీటికిమాటికి కోపం, కన్నీళ్ళు. మొండితనం అనుకోకండి. స్టీరాయిడ్ మాత్రలవల్ల కూడా అలా జరుగుతుంది. డాక్టరుతో చెబితే మోతాదు చూస్తారు. మీ అంతట మీరు మాత్రం ఒక్క పూట కూడా మాత్ర మానిపించవద్దు. జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు.