వెంట్రుకవాసి

డెట్రాయిట్ శివార్లలో ఓ ఇంటి గ్యారేజీ. స్టాండు మీద పాత షెవర్లే 350 ఇంజిన్. 1967లో కమారో కారుతో వచ్చిన రకం. పగలంతా కంప్యూటరు ముందుండే కొడుకు, ఏడాదిగా సెలవులన్నీ దానికే ధారపోశాడు. చుట్టపుచూపుగా వచ్చిన తండ్రి మడతకుర్చీలోంచి చూస్తున్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు ఇంజిన్లు విప్పి బిగించిన మనిషి. కొడుకు చేతికి మాత్రం ఏనాడూ పానా ఇవ్వలేదు.

అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. డిస్ట్రిబ్యూటరు పూర్తిగా దిగడం లేదు.

'బోల్టు బిగిస్తే అదే కూర్చుంటుంది' అన్నాడు కొడుకు.

'ఆగరా!' తండ్రి లేచాడు.

ఈ ఇంజిన్లో డిస్ట్రిబ్యూటరు నిప్పురవ్వలు పంచడమే కాదు, ఆయిల్ పంపునీ తిప్పుతుంది. దాని కొసనున్న నాలుక, పంపు షాఫ్టు గాడిలో కూర్చోవాలి. గాడి పక్కకి తిరిగి ఉంటే దిగదు. పొడవాటి స్క్రూడ్రైవరుతో షాఫ్టుని కాస్త తిప్పారు. చాలావరకూ దిగింది. ఇంకా వెంట్రుకవాసి సందు!

'పైన ఏమైనా చెక్కించావా?'

'బ్లాకూ, హెడ్లూ... కంప్రెషన్ పెరుగుతుందని.'

'అదీ సంగతి. మానిఫోల్డు కిందికి దిగింది, దాంతో ఇదీ దిగింది. షాఫ్టు పొడవు మాత్రం అంతే ఉంది.'

అలాగే బిగిస్తే షాఫ్టు పంపు గేర్లని అడుగుమూతకేసి నొక్కుతుంది. మూత అరిగి, లోహపు పొడి నూనెలో కలుస్తుంది. పంపు ఆగిందంటే బేరింగులు పట్టేస్తాయి.

తండ్రి కాసేపు మాట్లాడలేదు. 'నీ చిన్నప్పుడు పెళ్లివాళ్లు తొందరపెడుతున్నారని, ఓ టాక్సీకి పంపు ఇలాగే బలవంతంగా బిగించి ఇచ్చేశాను. ఏలూరు చేరకుండానే ఇంజిన్ పట్టేసింది. ఆ డ్రైవరు ఆర్నెల్లు కూలికెళ్లాడురా. ఆ తర్వాతే నిన్ను షెడ్డు గడప తొక్కనివ్వలేదు.'

గ్రీజు అంటకూడదనే తనని దూరంగా ఉంచాడనుకున్నాడు కొడుకు, ఇన్నేళ్లూ.

ఇద్దరూ కలిసి సందు కొలిచారు. అంతకన్నా కాస్త మందంగా ఉన్న షిమ్ముని డిస్ట్రిబ్యూటరు కింద పెట్టారు. ఈసారి పానా అక్కర్లేకుండానే కూర్చుంది. షాఫ్టుకి పైకీ కిందికీ కదిలే చోటు మిగిలింది.

స్టార్టు చేసేముందు మరో పని ఉంది. డిస్ట్రిబ్యూటరు మళ్లీ తీసి, రేకుమొన ఉన్న కడ్డీని డ్రిల్లుకి తగిలించి పంపుని తిప్పారు. కాసేపు మీటరు ముల్లు కదల్లేదు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఉన్నట్టుండి డ్రిల్లు బరువెక్కింది. ముల్లు లేచింది. రాకర్ల మీద నూనె మెల్లగా ఊరింది.

డిస్ట్రిబ్యూటరు యథాస్థానంలో పెట్టాక, కొడుకు పానా తుడిచి తండ్రికి అందించాడు. ఆయన అందుకోలేదు.

'నువ్వే బిగించు నాన్నా' అన్నాడు.