ఉమ్మడి గోడ

మిషిగన్‌లో ఉంటున్న మా తమ్ముడు ఏళ్ళ తరబడి ఒకే పెద్దాయన దగ్గర తేనె కొంటున్నాడు. "అక్కా, ఆయన పెట్టెలు చూడకుండా వెళ్ళకు" అని ఫిబ్రవరిలో ఎండ కాసిన ఓ ఆదివారం నన్ను తీసుకెళ్ళాడు. ఇంటి వెనక మోకాలి లోతు మంచులో వరసగా తేనెటీగల పెట్టెలు. పెద్దాయన చేతి తొడుగు తీసి, ఒక పెట్టెను వేలి కణుపుతో తట్టి చెవి ఆనించాడు. నన్నూ వినమన్నాడు. ఝుమ్మని లేచి అణిగిన మోత.

తేనెటీగలు చలికాలాన్ని నిద్రలో గడపవు. రాణిని నడుమ పెట్టుకుని ముద్దకట్టి, రెక్కలు ఆడించకుండానే వాటి కండరాలను వణికిస్తూ వేడి పుట్టిస్తాయి. ఆ పొయ్యికి తేనే కట్టెలు. ఇక్కడ ఈగల పెద్ద కుటుంబానికి చలికాలం గడవడానికి 35-40 కిలోలు కావాలట.

పక్క పెట్టె పలకలేదు. మూత తీశాడు. పది ఫ్రేముల పెట్టెలో పిడికెడు ఈగలు, తలలు గదుల్లోకి దూర్చి చచ్చిపోయి ఉన్నాయి. బెత్తెడు దూరంలో నిండు తేనె తుట్టె, మైనం మూత చెదరలేదు. "తిండి లేక కాదమ్మా, అక్కడిదాకా వెళ్ళే వేడి లేక" అంటూ ఆ తుట్టె మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉండిపోయాడు. నాకు గొంతు పూడుకుపోయింది.

చివరి వరసలో ఉన్నవి వేరే రకం. ఒకే పెట్టె, నడుమ సన్నటి పలక, అటు నాలుగు ఫ్రేములు, ఇటు నాలుగు, ఇద్దరు రాణులు. పైన తేనె నిండిన మరో అంతస్తు. గడ్డకట్టే చలిలో ఈగల ముద్ద పక్కకు జరగడం కష్టం, తింటూ పైకి పాకుతుంది. అందుకే వెడల్పు తగ్గించి ఎత్తు పెంచాడు. క్షణంపాటు మూత ఎత్తి చూపించాడు. రెండు కుటుంబాలూ ఆ పలకకే చెరోవైపు ఒరిగి ఉన్నాయి. ఒకదాని వేడి ఇంకోదానికి.

పెట్టె ఒక్కటే చాలదు. వేసవి చివరికల్లా ఈగలను పీడించే వరోవా నల్లిని తగ్గించాలి, మూతకింద చెమ్మ చేరి ఈగల మీద కారకుండా చూడాలి. అంత ఓపిక లేక చాలామంది ప్రతి వసంతంలో జార్జియా, కాలిఫోర్నియాల నుంచి వచ్చే ఈగలను కొంటారు. చలికి పోతే మళ్ళీ కొంటారు. "అందరూ తేనె అడుగుతారు, రాణిని అడిగేవాళ్ళు లేరు" అన్నాడు పెద్దాయన.

ఆ మాటకు మా నాన్న గుర్తొచ్చాడు. మంచి కంకులు ఏరి, వేపాకు కలిపి, విత్తనాన్ని కుండలో దాచేవాడు. దుకాణం విత్తనం వచ్చాక ఆ కుండ అటకెక్కింది. మా నేల ఎరిగిన గింజ దాంతోపాటే పోయింది. ఈగల్లో అలా విత్తనం దాచినవాడు ఇంగ్లండ్‌లో బక్‌ఫాస్ట్ మఠానికి చెందిన బ్రదర్ ఆడమ్. తన రాణులను డార్ట్‌మూర్ చలిలో, చిన్న పెట్టెల్లోనే శీతాకాలం దాటించేవాడు. చలిని గెలిచిన రాణి ఆ ఊరి విత్తనం. దాన్ని దాచుకోలేని ఊరికి ఎంత తేనె పండినా ఏటా చెయ్యి చాచక తప్పదు.

ఆ రోజు తమ్ముడు తేనె సీసా తీసుకోలేదు. వసంతంలో ఒక చిన్న కుటుంబం కావాలన్నాడు. పెద్దాయన జేబులోంచి సుద్దముక్క తీసి, చివరి పెట్టె మీద వాడి పేరు రాశాడు.