ఎర్ర పట్టాలు

2008 చలికాలంలో సిన్సినాటి నుంచి ఉత్తరానికి 71వ నంబరు రహదారి మీద వెళుతున్నప్పుడల్లా కింగ్స్ ఐలండ్ వైపు తలతిప్పి చూసేవాణ్ణి. ఆకులు రాల్చిన చెట్ల మీదుగా ఈఫిల్ గోపురపు నకలు, అసలుదానిలో మూడోవంతు ఎత్తున, కనిపించేది. దానికి తోడు ఆ యేడు ఎర్రటి పట్టాలు కొత్తగా లేస్తూ కనిపించసాగాయి. డైమండ్‌బ్యాక్ అనే రోలర్ కోస్టరు. 230 అడుగుల ఎత్తు. వ్యయం 2 కోట్ల 20 లక్షల డాలర్లు.

ఆ డిసెంబరులోనే నా ఉద్యోగం పోయింది. లోకమంతా కొంపలు మునిగి ఏడుస్తుంటే వీళ్ళకీ ఉయ్యాల సరదా ఏమిటని ఒళ్ళుమండేది.

నా కోపం తొందరపాటుదని పిమ్మట తెలిసింది. ఆ కోస్టరును ప్రకటించింది 2008 ఆగస్టులో. లేమన్ బ్రదర్స్ కూలింది సెప్టెంబరులో. ఇటువంటి యంత్రాన్ని నిన్న తలచుకుని నేడు నిలబెట్టడం సాధ్యం కాదు. రూపకల్పన, ఉక్కు, పునాదులు అన్నీ ముందే మొదలవ్వాలి. మాంద్యం వచ్చిందని ఆపితే పెట్టినది పోతుంది. మాంద్యం తీరాక మొదలుపెడితే జనం తిరిగొచ్చే వేళకి చూపడానికి కొత్తదేమీ ఉండదు. పైగా రూపకల్పన స్విట్జర్లాండు సంస్థదే అయినా, ఆ పట్టాలను తయారుచేసింది మా పక్కనే ఉన్న బటేవియాలో. అంటే నేను ఖాళీగా కూర్చున్న ఆ నెలల్లో, కూతవేటు దూరంలో ఎవరికో పని దొరికింది.

అయితే కట్టినవాళ్ళందరూ గట్టెక్కలేదు. మర్టిల్ బీచ్‌లో సుమారు 40 కోట్ల డాలర్లతో వెలసిన హార్డ్ రాక్ పార్కు 2008లో తెరిచిన యేడే దివాలా తీసింది. సిక్స్ ఫ్లాగ్స్ 2009 జూన్‌లో న్యాయస్థానం మెట్లెక్కింది. దాన్ని ముంచినవి ఆ యేటి కోస్టర్లు కావు, ఏళ్ళ తరబడి పేరుకున్న సుమారు 240 కోట్ల డాలర్ల అప్పు. కింగ్స్ ఐలండ్ అప్పటి యజమాని సెడార్ ఫెయిర్‌కూ ఆ బెడద తప్పలేదు. 2006లో ఈ పార్కుతో సహా పారమౌంట్ పార్కులను 124 కోట్లు పోసి కొని, ఆ బరువు మోయలేక 2009 డిసెంబరులో తననే అమ్ముకోబోయింది. వాటాదారులు ఒప్పుకోక బేరం చెడింది. అందుచేత కొత్త సవారీ కట్టాలా వద్దా అన్న ప్రశ్నకి నా జవాబు: చేతిలో డబ్బుంటే తప్పక కట్టాలి. అప్పు మీద అప్పు చేసి మాత్రం మంచి రోజుల్లోనైనా కట్టకూడదు.

(మాలాంటి సందర్శకుల వల్ల వాళ్ళకి ఒరిగిందేమిటో మాత్రం ఇప్పటికీ సందేహమే.)

ఎందుకంటే 2009 వేసవిలో ఇండియా ప్రయాణం మానుకుని, అమ్మమ్మని చూడాలని ఏడ్చిన మా అమ్మాయిని ఊరడించడానికి మూడు సీజన్ పాసులు కొన్నాం. విమానం టిక్కెట్లతో పోలిస్తే అదొక ఖర్చే కాదు. వారానికోసారి వెళ్ళేవాళ్ళం. లోపల ఏదీ కొనేవాళ్ళం కాదు; మధ్యాహ్నం బయటికొచ్చి, బల్లల దగ్గర కూర్చుని మా ఆవిడ కలిపి తెచ్చిన పులిహోర తినేవాళ్ళం. అటువంటి కుటుంబాలు ఆ బల్లల దగ్గర మరికొన్ని ఉండేవి. తండ్రులు పనిరోజున తీరిగ్గా ఉండటం చూసి ఎవరమూ ఎవరినీ ఏమీ అడిగేవాళ్ళం కాదు.

డైమండ్‌బ్యాక్ ఎక్కాలంటే 54 అంగుళాల ఎత్తుండాలి. జూన్‌లో మా అమ్మాయి కొలబద్ద కింద మునివేళ్ళ మీద నిలబడింది. అక్కడున్న కుర్రాడు నవ్వి, మడమలు దించమన్నాడు. ముప్పావు అంగుళం తక్కువ. "వచ్చే ఏడు దీన్ని తీసేస్తారేమో నాన్నా" అంది. మన బళ్ళో కుదవలేదని తీసెయ్యరు, పాపాయీ, అన్నాను. ఉద్యోగాల విషయంలో అంత ధైర్యంగా చెప్పలేకపోయేవాణ్ణి.

ఆగస్టులో నాకు పని దొరికింది, పాత జీతం కన్నా తక్కువకి. సెప్టెంబరులో ఒక శనివారం మళ్ళీ వెళ్ళాం. ఈసారి మడమలు నేలకి ఆనించే నిలబడింది. తల కొలబద్దకి తగిలింది.