ఫొటోలో నాయన లేడు

2024 డిసెంబర్ 30, సోమవారం, అమావాస్య. రాత్రి తొమ్మిదిన్నర దాటింది. మా రొయ్యల గుంట గట్టు మీద ట్రైపాడ్ నిలబెట్టి, దానికి ఫోన్ బిగించి, దక్షిణం వైపు తిప్పి పెట్టాను. పది గంటలకు శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ60 లేవాలి. ఒక్కోటి 220 కిలోలుండే రెండు ఉపగ్రహాలను పైకి తీసుకెళ్లి, అక్కడ ఒకదానితో ఒకటి కలిపే ‘స్పేడెక్స్’ ప్రయోగం అది. మా కొడవలూరు నుంచి శ్రీహరికోట నేరుగా లెక్కేస్తే వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. చంద్రుడు లేని రాత్రి, ఎదురుగా అద్దం లాంటి నీళ్లు, పైన రాకెట్. ఇలాంటి ఫొటో మళ్లీ దొరకదని హైదరాబాద్‌లో సెలవు పెట్టి మరీ వచ్చాను.

“నాయనా, ఇంకో అరగంటలో రాకెట్ పోతాది. ఈడే ఉండు, కలిసి చూద్దాం” అన్నాను.

“నేను చూడని రాకెట్టా అబ్బయ్యా! ఆ చివర ఏరియేటర్ శబ్దం తేడాగా ఉంది. చూసొస్తా” అని టార్చిలైటు పట్టుకుని వెళ్లిపోయాడు.

రొయ్యలు పెంచే ఇంట్లో రాత్రి అంటే నిద్ర కాదు, కాపలా. పగలు నీళ్లలోని సన్నటి నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయితే అదే నాచు తిరిగి ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అందుకే ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి. కరెంటు పోతే జనరేటర్ వెంటనే అందుకోవాలి. అంతకు ముందు ఏడు ఒక రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ స్టార్ట్ కాలేదు. పొద్దునకి రొయ్యలన్నీ తేలిపోయాయి. ఆ అప్పు ఇంకా తీరలేదు. నాయన ఆ తర్వాత ఏ రాత్రీ ఇంట్లో పడుకోలేదు.

నాకేమో రాత్రి అంటే ఫొటోలు. ఈ పిచ్చి బీటెక్ రోజుల్లో పట్టుకుంది. ఫోన్ కెమెరా సెన్సర్ చిటికెన వేలి గోరంత ఉంటుంది. చీకట్లో దానికి అందే వెలుతురు తక్కువ కాబట్టి బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో వచ్చిన ‘నైట్ సైట్’, మరుసటి ఏడు ఐఫోన్ 11లో వచ్చిన నైట్ మోడ్ ఈ ఇబ్బందిని లెక్కలతో దాటాయి. ఫోన్ ఒక్క ఫొటో కాదు, వరుసగా చాలా తీస్తుంది. వాటిని ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి సగటు కడుతుంది. ఆ చుక్కలు ప్రతి ఫొటోలో ఒక్కో చోట పడతాయి కాబట్టి సగటులో కరిగిపోతాయి. పదహారు ఫొటోలు కలిపితే చుక్కలు నాలుగో వంతుకి తగ్గుతాయి. ప్రోగ్రాములు రాసుకునే నాకు ఇది అందమైన లెక్క అనిపించేది.

కానీ రాకెట్ కదిలేది. దానికి నైట్ మోడ్ పనికిరాదు. ప్రో మోడ్‌లోకి వెళ్లి ఐఎస్ఓ బాగా తగ్గించి, షట్టర్ 30 సెకన్లు పెట్టాను. ఫోకస్ అనంతం దగ్గర ఆపేశాను. వేలు తగిలి ఫోన్ కదలకుండా టైమర్ పెట్టాను. మంచుకి లెన్స్ మసకబారుతుంటే చొక్కా అంచుతో తుడుస్తా కూర్చున్నాను. 1930లలో పారిస్ రాత్రులను ఫొటోలు తీసిన బ్రసాయ్ ఒక సిగరెట్ కాలేంతసేపు షట్టర్ తెరిచి ఉంచేవాడట. మనకా తిప్పలు లేవు, ఫోనే లెక్కపెడుతుంది.

పది కొట్టింది. దక్షిణాన తాటిచెట్ల వెనక నారింజ రంగు వెలుగు లేచింది. చూస్తుండగానే గీతలా పైకి పాకి సముద్రం వైపు వంగింది. నీళ్లలోనూ ఒక గీత. రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది. రెండు ఫొటోలు దక్కాయి. రెండోది అద్భుతంగా వచ్చింది. ఆకాశంలో నిప్పుల విల్లు, గుంటలో దాని నీడ. కాకపోతే కింద ఎడమవైపు గట్టు పొడవునా సన్నటి తెల్ల గీత ఒకటి, వణుకుతూ, అక్కడక్కడా ఆగి చుక్కలు కట్టి. ఏందో అర్థం కాలేదు.

అర్ధరాత్రికి స్టేటస్ పెట్టాను. ఆఫీసు వాళ్లంతా పొగిడారు. ఒక స్నేహితుడు మాత్రం “కింద ఆ గీత ఎరేజర్‌తో తీసెయ్, పర్ఫెక్ట్ అవుతుంది” అని పంపాడు. నిజమే, ఒక్క రుద్దు చాలు. గీత మీద వేలు పెట్టాను కూడా. అప్పుడు తట్టింది. అది నాయన టార్చిలైటు.

ఆ 30 సెకన్లూ నాయన నా ఫ్రేములోనే నడిచాడు. లైటు గీతగా పడింది, మనిషి మాత్రం పడలేదు. షట్టర్ చాలాసేపు తెరిచి ఉంటే నిలిచి ఉన్నదే ముద్రపడుతుంది. గట్టు ఉంది, చెట్టు ఉంది, నీళ్లున్నాయి. ఆగకుండా తిరిగేవాడు లేడు. నైట్ మోడ్ అయినా అంతే. కదిలినదాన్ని నమ్మదు, పక్కన పెట్టేస్తుంది. నా ఫోన్లో కొన్ని వందల రాత్రి ఫొటోలున్నాయి. హైవే మీద లారీల లైట్లు, మైపాడు బీచి, కొడవలూరు రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం. వెతికి చూస్తే వాటిలో ఒక్క మనిషి ముఖం లేదు. ఏ ఊళ్లో అయినా రాత్రి మేలుకుని ఉండేది పనిచేసేవాళ్లే కదా! వాళ్లందరినీ తీసేసి, మిగిలినదాన్ని ప్రశాంతత అనుకున్నాను. నా ఫీజులు కట్టింది కూడా ఆ గట్టు మీద తిరిగిన కాళ్లే.

ఎరేజర్ మూసేశాను.

సంక్రాంతికి వెళ్లినప్పుడు నాయన ఫొటో తీయాలనుకున్నాను. “మూడు సెకన్లు కదలకుండా నిలబడు” అంటే ఆధార్ ఫొటోకి నిలబడినట్టు బిగుసుకుపోయాడు. అది నాయన కాదు. నడుస్తుంటే తీస్తే నీడ ముద్ద. ట్రైపాడ్ పక్కన పడేసి రెండు రాత్రులు ఊరికే ఆయన వెంట తిరిగాను. కనుమ రాత్రి చెక్ ట్రే పైకి లాగాడు. మేత ఎంత మిగిలిందో, రొయ్యల పేగు నిండిందో లేదో చూడటానికి టార్చి ట్రేలోకి కొట్టి వంగాడు. ఊపిరి బిగబట్టినట్టు రెండు క్షణాలు ఆగిపోయాడు. తడి ట్రే మీద పడిన వెలుగు తిరిగి ఆయన ముఖం మీద పడింది. నైట్ మోడ్ ఆపేసి, ఐఎస్ఓ పెంచేసి, చేతుల్లోనే నొక్కాను.

ఫొటో నిండా చుక్కలే. పోటీలకు పంపితే మొదటి రౌండ్‌లోనే తీసేస్తారు. కానీ కళ్ల కింద నల్లటి చారలు, మూడు రోజుల గడ్డం, ట్రేలో ఏం కనపడుతుందోనన్న భయం, అన్నీ ఉన్నాయి.

మరుసటి రోజు, జనవరి 16 ఉదయం, ఆ రెండు ఉపగ్రహాలూ అంతరిక్షంలో కలిశాయని వార్త వచ్చింది. నాయనకి చెప్పి, పనిలో పనిగా ఈ ఫొటో చూపించాను. ఫోన్ దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

“బాగానే తీశావు గానీ అబ్బయ్యా, రొయ్య సరిగ్గా పడలేదే” అన్నాడు.