చక్రాల ఇంట్లో చలికాలం

వంటగది, పడకలు, బాత్‌రూమ్... అన్నీ వెంటే వస్తాయి. అర్ధరాత్రి పాప లేస్తే పాలు వేడిచేయడానికి ఇబ్బంది లేదు. ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి ఉంటే పొద్దున్నే కొండల మధ్య వేడివేడి ఇడ్లీలు! డిసెంబరు సెలవుల్లో అమెరికాలోని కొన్ని తెలుగు కుటుంబాలు ‘ఆర్వీ’ అద్దెకు తీసుకునేది ఇందుకే. ఆర్వీ అంటే రిక్రియేషనల్ వెహికల్... చక్రాల మీది చిన్న ఇల్లు. అయితే చలికాలంలో చంటిపిల్లలతో వెళ్లేవాళ్లు దూరంకన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది... రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటామన్నది. లాస్‌వెగాస్ నుంచి సాగే యాత్రే అందుకు ఉదాహరణ.

లోయలో వెచ్చగా...

పడమరగా సుమారు 200 కిలోమీటర్లు వెళ్తే డెత్ వ్యాలీ. 1913 జులైలో ఇక్కడి ఫర్నేస్ క్రీక్‌లో 56.7 డిగ్రీలు నమోదైంది. అధికారికంగా ప్రపంచ రికార్డు అదే. డిసెంబరులో మాత్రం పగలు 18 డిగ్రీలకు అటూఇటూగా హాయిగా ఉంటుంది. బ్యాడ్‌వాటర్ బేసిన్ సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన ఉంది. అక్కడి తెల్లటి ఉప్పునేల మీద పిల్లలు ఎంతసేపైనా పరుగెత్తొచ్చు. ఇక మెస్కీట్ ఫ్లాట్ ఇసుకతిన్నెలు ఎక్కారంటే వాళ్లను మళ్లీ బండెక్కించడమే కష్టం! ఫర్నేస్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌లో చోటు ముందే బుక్ చేసుకోవాలి.

అంచున మంచు

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. ఎర్రటి రాళ్లమీద తెల్లటి మంచు... చూసి తీరాల్సిందే. కానీ ఎత్తు 2,100 మీటర్లు. రాత్రిళ్లు చలి సున్నాకు దిగువకు పోతుంది. బయటి నీళ్లగొట్టం గడ్డకట్టకుండా రాత్రి విప్పేసి, ట్యాంకు నీళ్లే వాడుకోవాలి. కరెంటు కనెక్షన్ దొరికే ట్రైలర్ విలేజ్‌లో దిగడం మేలు. వెచ్చదనం కోసం వంటపొయ్యి వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. దాని అలారం పనిచేస్తోందో లేదో చూశాకే పడుకోవాలి. లోయ అంచున అన్నిచోట్లా రెయిలింగ్ ఉండదు, మంచుకు నేల జారుతుంది. పిల్లల చెయ్యి వదలొద్దు.

మంచం ఆగాకే

ఇల్లే కదా అని బండి నడుస్తుండగా పిల్లల్ని మంచం మీద పడుకోబెట్టకూడదు. ముందువైపు తిరిగి ఉన్న సీట్లకే కార్‌సీట్లు బిగించాలి. అలాంటివి ఎన్నున్నాయో అద్దెకు తీసుకునే ముందే అడగాలి. సాయంత్రం అయిదింటికల్లా చీకటి పడుతుంది కాబట్టి రోజుకు మూడు నాలుగు గంటల ప్రయాణం చాలు. లాస్‌వెగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దాదాపు 450 కిలోమీటర్లు. పైగా అరిజోనాలో అడుగుపెట్టగానే గడియారం గంట ముందుకు జరుగుతుంది. అందుకే దారిలో కింగ్‌మన్‌లో ఒక రాత్రి ఆగాలి.

తెల్లారాక వాతావరణ సూచన చూసుకోవాల్సిందీ అక్కడే. మంచు తుపాను ఉందంటే పైకెళ్లే ఆలోచన మానుకుని, దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని లేక్ హవాసు సిటీకి దిగిపోవడమే తెలివైన పని. అక్కడ వెచ్చటి ఎండ, సరస్సు... దాంతోపాటు అసలుసిసలు లండన్ బ్రిడ్జి! థేమ్స్ నది మీది పాత వంతెన రాళ్లను తెచ్చి 1971లో అక్కడ నిలబెట్టారు. నర్సరీలో నేర్చుకున్న పాటలోని పేరే ఉన్న వంతెన కళ్లెదుటే కనిపిస్తే, గ్రాండ్ కాన్యన్ ఏదని పిల్లలు అడగరు. అది మరో ఏడాదికి ఎలాగూ ఉంటుంది.