136 రోజులు, ఒకే గది

బదిలీల కాపురం ముగిసి, రిటైరైన జంట ఆగ్నేయాసియాలో నాలుగున్నర నెలలు తిరిగితే దేశాలే కాదు, ఒకరికొకరు కొత్తగా కనిపిస్తారు.

బయల్దేరిన రోజు రాత్రి బ్యాంకాక్ హోటల్ గదిలో మావారు ఓ లెక్క చెప్పారు. మా పెళ్లయి 33 ఏళ్లు. బ్యాంకు బదిలీల పుణ్యమా అని అందులో 14 ఏళ్లు ఆయనో ఊళ్లో, నేనో ఊళ్లో. మిగిలిన 19 ఏళ్లలోనూ విడవకుండా పగలూ రాత్రీ కలిసి ఉన్న రికార్డు 11 రోజులు. అది 2003లో చార్‌ధామ్ యాత్ర. అప్పుడైనా బస్సులో మాతోపాటు మరో 40 మంది ఉన్నారు.

ఆయన 2024 ఆగస్టులో రిటైరయ్యారు. గుంటూరులో చరిత్ర పాఠాలు చెప్పుకునే నేను అంతకు కొద్ది నెలల ముందే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. పిల్లలిద్దరూ ఎవరి ఊళ్లో వాళ్లు స్థిరపడ్డారు. ‘‘కాశీ, రామేశ్వరం వదిలేసి ఈ లావోస్ ఏమిటి?’’ అని మా ఆడపడుచు అడిగింది. నా దగ్గర జవాబుంది. అంగ్‌కోర్ గురించి 26 ఏళ్లు పాఠం చెప్పాను గానీ ఒక్కసారీ చూడలేదు. ఇక వీసాల సంగతి చూస్తే, 2024 జులైలో థాయ్‌లాండ్ భారతీయులు వీసా లేకుండా 60 రోజులు ఉండే వీలు కల్పించింది. వియత్నాం అంతకు ముందటేడే 90 రోజుల ఈ-వీసా ఇవ్వడం మొదలుపెట్టింది. ఖర్చు లెక్కలు ఆయనవి, దారి నాది అనుకున్నాం. నవంబరు 1 నుంచి మార్చి 16 దాకా 136 రోజులు. చెరో బ్యాగు, ఒక కందిపొడి డబ్బా, ఒక ఖర్చుల నోట్‌బుక్.

మొదటి పక్షం హాయిగా గడిచింది. నవంబరు 15న చియాంగ్‌మయిలో ఉన్నాం. ఆ రోజు మనకు కార్తీక పౌర్ణమి, వాళ్లకు లాయ్ క్రథోంగ్. అరటి బోదెను గుండ్రంగా కోసి, చుట్టూ ఆకులు మడిచి గుచ్చి, పైన పూలు, కొవ్వొత్తి, అగరొత్తులు పెట్టి పింగ్ నదిలో వదులుతున్నారు. మా అమ్మ కార్తీకంలో కృష్ణలో వదిలిన అరటి దొప్ప దీపమే అది. ఒకటి కొని నేనూ వదిలాను. ఆయన ఒడ్డున చెప్పులకు కాపలాగా నిలబడ్డారు. పుష్కరాల్లోనూ ఆయన పని అదే.

సరిహద్దు దాటి లావోస్‌లోని హువాయ్ సాయ్‌లో మెకాంగ్ పడవ ఎక్కినప్పటి నుంచి తేడాలు బయటపడ్డాయి. అక్కడి నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కు రెండు రోజుల ప్రయాణం. రాత్రికి పాక్ బెంగ్ అనే ఊళ్లో ఆపుతారు. పొడవాటి చెక్క పడవలో పాత కార్ల సీట్లు పీకి తెచ్చి వేశారు. రెండు వైపులా కొండలు, ఇసుక తిన్నెలు, నీళ్లలోకి దిగిన గేదెలు. ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడమే నాకు నచ్చింది. ఆయనకు రెండో గంటకే కాళ్లు ఆడలేదు. ఏ రేవు ఎప్పుడొస్తుంది, రాత్రికి గది ఉందా, డబ్బు ఎక్కడ మార్చాలి... 36 ఏళ్లు బ్రాంచి తలుపు తాళం తీసిన మనిషి. ఆగడం రాదు. నాకేమో కదలడం రాదు. ఇంట్లో ఈ సంగతి ఎప్పుడూ తెలియలేదు. ఆయన వచ్చేది శనివారం రాత్రి, వెళ్లేది ఆదివారం సాయంత్రం. ఆ కాస్త సమయంలో ఇద్దరమూ మర్యాదగానే ఉండేవాళ్లం.

లువాంగ్ ప్రబాంగ్‌లో మూడు రోజులనుకుని 11 రోజులు ఉన్నాం, నా పంతం మీద. తెల్లవారుజామున కాషాయ వస్త్రాల భిక్షువులు వరసగా వస్తుంటే వీధి పొడవునా ఆడవాళ్లు చాపల మీద కూర్చుని బుట్టల్లోంచి జిగురన్నం తీసి భిక్షాపాత్రల్లో వేస్తారు. ఎవరూ మాట్లాడరు. దాన్ని ఫొటో తీయడానికి ముఖం మీదకు వెళ్లే పర్యాటకులను చూస్తే సిగ్గేసింది. మేమూ పర్యాటకులమేనని గుర్తొచ్చి ఇంకాస్త సిగ్గేసింది. అక్కడి నుంచి వియెంటియాన్‌కు 2021 డిసెంబరులో మొదలైన చైనా-లావోస్ రైల్లో రెండు గంటలే. ఆ రెండు గంటలూ ఆయన ముఖం వెలిగిపోయింది.

హనోయిలో మాకు ఒక మాట బాగా పనికొచ్చింది. వియత్నామీలో ‘చాయ్’ అంటే శాకాహారం. తొలి రోజు మావారు బోర్డు చూసి టీ అనుకుని ఆర్డరిచ్చారు, టోఫూతో అన్నం వచ్చింది. నేను బతికిపోయాను. రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు. రోజుకో పది లక్షలు ఖర్చు పెడుతున్నామని పిల్లలకు ఫోన్‌లో చెప్పి నవ్వుకున్నాం.

ఆ నవ్వు డిసెంబరు చివర్లో హ్యూలో ఆగిపోయింది.

1802 నుంచి 1945 వరకు న్గుయెన్ రాజుల రాజధాని హ్యూ. 1968 యుద్ధంలో కోట చాలా భాగం నేలమట్టమైంది. అక్కడ వానాకాలం మనకంటే ఆలస్యం. ఐదు రోజులు ముసురు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, గోడను చూసే కిటికీ. ఐదో రోజు ఆయన నోట్‌బుక్ తెరిచి, లావోస్‌లో అదనంగా ఉన్న ఎనిమిది రోజులకు ఎంతయిందో చదివారు. కోపంగా కాదు, ఆడిట్ చదివినట్టు. నాలో ఏది తెగిందో తెలియదు. ‘‘2006లో బాబుకు డెంగీ వచ్చినప్పుడు ఆస్పత్రిలో ఆరు రాత్రులు ఒక్కదాన్నే కూర్చున్నాను. దాని లెక్క మీ పుస్తకంలో ఉందా?’’ అన్నాను.

అప్పుడాయన జార్ఖండ్‌లో ఉన్నారు. సెలవు దొరకలేదన్నారు. 18 ఏళ్లుగా నేను నమ్మింది అదే. బ్యాంకును తిట్టుకున్నాను గానీ ఆయన్ను తిట్టుకోలేదు.

చాలాసేపు వాన చప్పుడే. తర్వాత ఆయన, ‘‘సెలవు నేను అడగలేదు. అడిగితే ఇచ్చేవాళ్లేమో. ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉందప్పుడు. నువ్వున్నావుగా, చూసుకుంటావనుకున్నా’’ అన్నారు. లేచి బయటికి వెళ్లిపోయారు. గంట తర్వాత నీలం రంగు ప్లాస్టిక్ రెయిన్‌కోటులో తడిసి ముద్దయి వచ్చారు.

ఇంట్లోనైతే అలిగి వెళ్లడానికి పుట్టిల్లుంది, తలుపేసుకోవడానికి పక్క గది ఉంది. హ్యూలో రెండూ లేవు. పైగా రెండు రోజుల తర్వాతి రైలుకు పక్కపక్క సీట్లు బుక్కయి ఉన్నాయి. ఆ రెండు రోజులూ ఆయన కోటకు వెళ్లారు, నేను రాజుల సమాధులకు వెళ్లాను. తు డుక్ అనే రాజు బతికుండగానే తన సమాధి కట్టించుకుని, ఆ తోటలో, తామరకొలను ఒడ్డున కాలక్షేపం చేసేవాడట. వంద మందికి పైగా భార్యలు, సంతానం మాత్రం లేదు. తండ్రి గురించి కొడుకు వేయించాల్సిన శాసనాన్ని తానే రాసుకున్నాడు, అందులో తన పాలనలోని తప్పులు ఒప్పుకున్నాడు. గొడుగు పట్టుకుని ఆ భారీ రాతిపలక ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒక్క అక్షరమూ నాకు చదవడం రాదు. రాసినవాడి మీద జాలి కలిగిందని చెబితే అబద్ధం. పలక అంత పెద్దది ఎందుకనిపించింది.

హనోయి-సైగాన్ రైలు మార్గం 1,726 కిలోమీటర్లు. హ్యూ నుంచి డానాంగ్ దాకా ఉన్న ముక్క కోసమే చాలామంది ఎక్కుతారు. హై వాన్ కనుమ దగ్గర రైలు కొండ అంచున పాకుతుంది, ఎడమ వైపు కిటికీ కింద సముద్రం. కిటికీ సీటు ఆయనది. మాట లేకుండా లేచి నాకిచ్చారు. నేనూ మాట లేకుండా కూర్చున్నాను. సొరంగం వచ్చినప్పుడల్లా అద్దంలో ఇద్దరం కనిపించేవాళ్లం. డానాంగ్‌లో దిగాక ‘‘బ్యాగు ఇటివ్వు’’ అన్నారు. ఇచ్చాను. క్షమాపణ అంటే అదేనా అని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు.

మీ సోన్‌లో చంపా రాజుల శివాలయాలు చూశాం. 1969లో అమెరికా బాంబులకు చాలావరకు కూలిన ఆ ఇటుక గుళ్లలో కొన్నింటిని మన పురావస్తు శాఖ బాగుచేసింది. ఆ పనుల్లోనే 2020లో ఏకశిలా శివలింగం బయటపడింది. సైగాన్ చరిత్ర మ్యూజియంలో 1911లో డాంగ్ డువాంగ్‌లో దొరికిన కంచు బుద్ధుణ్ణి చూసి నేను కదలలేదు. అందులో అమరావతి శైలి ఛాయలున్నాయని పండితుల మాట. మా ఇంటికి గంట ప్రయాణం అమరావతి. ఈసారి ఆయన గడియారం చూసుకోలేదు. నేను గమనించాను.

ఫిబ్రవరిలో అంగ్‌కోర్. మూడు రోజుల టికెట్ మనిషికి 62 డాలర్లు. 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించిన అంగ్‌కోర్ వాట్‌లో పడమటి వసారాలో ఒక వైపు కురుక్షేత్రం, మరో వైపు లంకా యుద్ధం, తూర్పున దాదాపు 50 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం. 26 ఏళ్ల పాఠం నా ముందు గోడ మీద ఉంది. అంపశయ్య మీది భీష్ముణ్ణి చూపించి చెప్పడం మొదలుపెడితే ఆయన తల పక్కకు తిప్పకుండా విన్నారు. నేను పాఠం చెబుతుంటే ఆయన వినడం అదే మొదటిసారి. మంచి ప్రశ్నలు కూడా అడిగారు, తలనొప్పి విద్యార్థి.

తా ప్రోమ్‌లో బూరుగు జాతి చెట్ల వేళ్లు గోడలను కొండచిలువల్లా చుట్టుకున్నాయి. అక్కడా 20 ఏళ్లకు పైగా మన పురావస్తు శాఖ పనిచేసింది. చిక్కేమిటంటే రాళ్లను చీల్చింది ఆ వేళ్లే, పడకుండా పట్టుకున్నదీ ఆ వేళ్లే. కొడితే గోడ కూలుతుంది, వదిలేస్తే పగులుతుంది. ‘‘మన సంసారం లాగే’’ అన్నారాయన. మరీ సినిమా డైలాగులా ఉందన్నాను.

అక్కడి నుంచి పోయిపేట దగ్గర నడిచి సరిహద్దు దాటి థాయ్‌లాండ్‌లోకి వచ్చాం. బండ్లు తోసే కూలీలు, సంచులు మోసే ఆడవాళ్లు, పొద్దున ఇటు వచ్చి సాయంత్రం అటు వెళ్లేవాళ్లు. నాలుగు నెలలు తిరగకుండానే, 2025 జూన్‌లో ఆ దారి మూతపడింది. జులైలో రెండు దేశాల సైన్యాలూ ఐదు రోజులు కొట్టుకున్నాయి. వార్త చూసి ఇద్దరం ఒకేసారి ఆ కూలీల మాట ఎత్తాం.

చివరి మజిలీ మలేసియా. పెరాక్ రాష్ట్రంలోని బగాన్ డతోలో కొబ్బరి తోటల మధ్య తరతరాలుగా తెలుగువాళ్లున్నారు. ఎప్పుడో తోట పనికి వచ్చిన కుటుంబాలు. ఒక ముసలావిడ మమ్మల్ని ఇంట్లోకి పిలిచింది. ఇండియా చూడలేదట గానీ మాటలో శ్రీకాకుళం యాస పోలేదు. ఎన్నాళ్లయింది బయల్దేరి అని అడిగింది. నాలుగు నెలలు దాటిందన్నాం.

‘‘ఇద్దరే? దెబ్బలాడుకోలేదా?’’

‘‘ఒక్కసారే’’ అన్నారు మావారు.

ఆవిడ నమ్మలేదు. టీ తెమ్మని మనవరాలిని కేకేసింది.

ఇంటికి వచ్చి ఏడాది దాటింది. అరమర సర్దుతుంటే ఖర్చుల నోట్‌బుక్ దొరికింది. అరటి బోదె దీపం, 40 బాత్‌లు. పాక్ బెంగ్‌లో మంచినీళ్ల సీసా. ఒక్క రోజూ వదల్లేదు. హ్యూలో ఐదో రోజు పేజీలో మాత్రం తేదీ ఉంది, కింద ఏమీ లేదు. ఆ రోజే నీలం రెయిన్‌కోటు కొన్నారని నాకు బాగా గుర్తు. ఎంతయిందని అడిగాను. రాయడం మరిచిపోయానన్నారు.