రక్తము వెంట వచ్చు ఇనుము

హైదరాబాదు నగరమున రాజేంద్రనగరు చేరువనున్న శివరాంపల్లిలో, వ్యాధిగ్రస్తులైన పిల్లల తలిదండ్రులును కొందఱు వైద్యులును కలసి 1998వ సంవత్సరమున నెలకొల్పిన థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీని దర్శింపవలెనని నాకు చిరకాలముగా నున్న కోరిక గడచిన వేసవిలో నెరవేఱినది.

ఉదయముననే చేరితిని. వరుసగా వేసిన మంచములపై పసివారు, బడికిపోవు పిల్లలు, నూనూగు మీసముల యువకులు. ప్రతివారి చేతికిని సన్నని గొట్టము, తలాపున వ్రేలాడు రక్తపు సంచి. రోగులున్న తావున వినబడు మూలుగు లచట లేవు. ఒక బాలుడు ఎడమచేతికి రక్త మెక్కుచుండగా కుడిచేతితో లెక్కలు చేసికొనుచుండెను. కొన్ని గంటలట్లు గడపి, ఇంటికేగి, రెండు మూడు వారములకు మరల వచ్చుట వారికి శైశవమునుండి అలవడిన జీవనక్రమము. వేసవిలో కళాశాలలు మూతపడి రక్తదాన శిబిరములు సన్నగిల్లిన దినములలో ఈ క్రమమును నిలుపుట యెంతటి ప్రయాసయో అచ్చటి సిబ్బంది ముఖములే చెప్పుచుండెను.

నాకు తోడుగా తిరిగిన వైద్యురాలు ఓపికతో సమస్తమును బోధించినారు. ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును దేహమంతటికి మోసికొనిపోవు హీమోగ్లోబిన్, పెద్దవారియందు రెండు ఆల్ఫా గొలుసులును రెండు బీటా గొలుసులును కూడి ఏర్పడును. బీటా గొలుసును నిర్మింపజేయు జన్యువు 11వ క్రోమోజోముపై నుండును. అది తండ్రినుండి యొకటి, తల్లినుండి యొకటి బిడ్డకు సంక్రమించును. ఆ రెండును చెడినవైనచో బీటా గొలుసులు ఏర్పడవు, ఏర్పడినను చాలవు; ఇదియే థలసీమియా వ్యాధి. జతగానక మిగిలిన ఆల్ఫా గొలుసులు కణములలో పేరుకొనుటచే ఎఱ్ఱకణములు పక్వము కాకమునుపే మూలుగలో నశించును. గర్భస్థ శిశువునకు వేఱొక విధమైన హీమోగ్లోబిన్ ఉండుటచే పుట్టినపుడు బిడ్డ నిండుగనే కనబడును. అది తగ్గిపోయి పెద్దవారి హీమోగ్లోబిన్ రావలసిన వేళకు, అనగా ఆరు మాసములు దాటిన పిదప, బిడ్డ పాలిపోవుటయు, పాలు మానుటయు, ప్లీహము పెరిగి కడుపు ఉబ్బుటయు ఆరంభమగును. దిష్టి తగిలినదని కొన్నాళ్ళు, పండ్లు వచ్చుచున్నవని కొన్నాళ్ళు కాలము గడచిపోవును.

1925లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున థామస్ కూలీ అను శిశువైద్యుడు ఇటలీ, గ్రీసు దేశములనుండి వలసపోయిన కుటుంబముల పిల్లలలో దీనిని వర్ణించుటచే, ఇది మధ్యధరా సముద్రతీరపు వ్యాధియని ప్రసిద్ధికెక్కెను. కాని మలేరియా ప్రబలిన దేశములన్నిటను ఈ జన్యులోపము కలదు; ఒక్కటే లోపజన్యువు గలవానిని మలేరియా తేలికగా చంపజాలకపోవుటచే, ఆ రక్షణతో బ్రతికి బట్టకట్టిన పూర్వుల సంతతిలో అది తరతరములకు నిలిచినది. భారతీయులలో నూటికి ముగ్గురు నలుగురు దీనికి వాహకులు.

రక్తము ఎక్కించినచో వ్యాధి తీరినట్లే యని సందర్శకులు తలంతురు. అసలు కష్టము అచ్చటనే పుట్టును. ఒక్కొక్క సంచి రక్తముతో 200 మిల్లీగ్రాములకు పైబడిన ఇనుము దేహమున చేరును. తనంతట వెడలిపోవునది దినమునకు సుమారు 1 మిల్లీగ్రాము మాత్రమే. మిగిలినదెల్ల కాలేయమునను, హృదయమునను, గ్రంథులయందును పేరుకొని ఎదుగుదలను ఆపి, తుదకు గుండెనే కుంగదీయును. పూర్వము దీనిని తొలగించుటకు డెస్ఫెరాల్ అను మందును రాత్రివేళ ఎనిమిది మొదలు పండ్రెండు గంటలసేపు చర్మము క్రింద సూదితో పంపువారు. నేడు మ్రింగు మందులు వచ్చుట గొప్ప ఉపశాంతి. తల్లులు పరస్పరము పలుకరించుకొనుట కూడ, దేహమున పేరుకొనిన ఇనుమును తెలుపు ఫెర్రిటిన్ అంకెలతోనే. “మావాడిది పోయినేడు నాలుగు వేలుండె అక్కా, ఇప్పుడు రెండు వేలకు దిగింది” అని యొకామె చెప్పుచుండగా, దానిని వేయికి లోపల నిలుపవలెనని రెండవ యామె ఉత్సాహపఱచుచుండెను. ఆసుపత్రులయందు నేను విన్న సంభాషణలలో ఇంతటి విజ్ఞానమును, ఇంతటి వాత్సల్యమును ఒక్కచోట కూడిన దానిని ఎఱుగను. ఈ రక్తపు సంచుల క్రమమునుండి బయటపడు మార్గ మొకటి కలదు: తోబుట్టువులలో ఒకరి మూలుగ సరిపడినచో మార్పిడితో శాశ్వతముగా నయము కావచ్చును. సరిపడుట యెల్లరకు లభింపదు.

ఆ మొదటి యామె పాలమూరు జిల్లాకు చెందినది. మేనమామ కుమారుని వివాహమాడినది. బిడ్డకు వ్యాధి యని తెలిసిన నాటినుండి అత్తగారు “నీ రక్తములోనిదే ఈ చెడుగు” అని దెప్పుచుండెడిదట. ఈ మాట నన్ను మిక్కిలి బాధించినది. తలిదండ్రులిరువురును వాహకులైననే ఈ వ్యాధి పుట్టును, భారము సరిసమానము. వ్యాధి కలుగుటకు ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు అవకాశము. మొదటి బిడ్డకు వచ్చినదిగాన తక్కిన ముగ్గురికి భయము లేదనుట పొరపాటు. మేనరికములలో ఇరువైపులను ఒకే పూర్వుని లోపజన్యువు కలిసికొనుట అధికము. వాహకులు ఆరోగ్యవంతులే, రక్తము కొంచెము తక్కువని ఇనుపమాత్రలు వ్రాసి పంపివేయుట పరిపాటి. రక్తమున హీమోగ్లోబిన్ ఎ2 అను రకపు పాలు నూటికి 3.5కు మించెనా అని చూచినచో చాలవఱకు నిజము తెలియును. జీవితమున ఒక్కమారు చేయించుకొనినచో చాలిన ఈ పరీక్ష ప్రతి గర్భిణికిని తొలి మాసములలోనే ఏల నియమము కారాదో నాకు బోధపడలేదు. దంపతులిరువురును వాహకులని తేలినచో, గర్భము పది పండ్రెండు వారములున్నపుడే శిశువు స్థితిని కనుగొను మార్గమును కలదు.

నేను సెలవు తీసికొనబోవుచుండగా ఆ పాలమూరు తల్లి వైద్యురాలి కడకు వచ్చి, “మేడమ్, మా చెల్లెను కూడా మా మరిదికే చేద్దామంటున్నరు. ముందు ఇద్దరి రక్తం చూస్తరా?” అని యడిగినది. వైద్యురాలు కాగితముపై పరీక్షలు వ్రాసియిచ్చుచు, “ఇద్దరినీ ఒకే రోజు తీసుకురా అమ్మా” అని, క్షణమాగి, “మీ అత్తగారినీ, మామగారినీ కూడా రమ్మను. వాళ్ళకూ పరీక్ష చేద్దాం” అని చెప్పినారు.